పదిహేడో నెంబరు వేపచెట్టు

జీవమ్మకు సొంతంగా ఒక్క చెట్టు లేదు. సెంటు భూమి లేనివాళ్లకు చెట్లెక్కడివి? అయినా ఓర్వకల్లు చుట్టుపక్కల పది ఊళ్లలో ఏ గట్టు మీద ఏ వేపచెట్టు ఉందో, దాని ఏ కొమ్మలో తొర్ర ఉందో ఆమెను అడిగితే చెబుతుంది. ఆమె మొగుడు పెద్ద ఈరన్న చెట్లు కొట్టే మనిషి. అతను ఏ చెట్టు మీద చేయి వేయాలన్నా ముందురోజు సాయంత్రం ఆమె ఆ చెట్టుకు పసుపు పెట్టి తీరాలి. పెళ్లయి కాపురానికొచ్చిన నెలలో మొదలైన ఈ పని నలభై ఏళ్లయినా ఆగలేదు.

అదేమీ పెద్ద పూజ కాదు. టెంకాయ కూడా ఉండదు. చారెడు పసుపు నీళ్లలో కలిపి అరచేత్తో మానుకు పూస్తుంది, మూడు కుంకుమ బొట్లు పెడుతుంది, ఒక్క వరస నూలుదారం చుడుతుంది. అప్పుడు ఈరన్న తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని ముందుకొచ్చి, ఇంట్లో పెద్దామెతో మాట్లాడినట్టు మాట్లాడతాడు.

"అమ్మా, నీ నీడన కూచున్నాం. నీ పుల్లతో పండ్లు తోముకున్నాం. రేపు పొద్దున కొట్టాల. మా మీద కోపం పెట్టుకోవద్దు. నీ మీదుండే గువ్వలకు, ఉడతలకు చెప్పి పంపు తల్లీ."

జీవమ్మ ఈ మాటలు విన్నప్పుడల్లా మూతి ముడుస్తుంది. ఈ మనిషి చెట్లతో మాట్లాడినన్ని మాటలు తనతో మాట్లాడి ఉంటే తన జన్మ ధన్యమయ్యేదని ఊరంతా చెప్పుకుని నవ్వుతుంది. నిజమే, ఈరన్న ఇంట్లో నోరు తెరిచేది సంగటి ముద్దకే. మంచివాడు, తాగడు, చేయెత్తి ఎరగడు. మాట మాత్రం ఉండదు.

అయితే ఆ పసుపుకు ఒక కట్టుబాటుంది. పసుపు పెట్టడానికి జీవమ్మకు చేయి పోకపోతే ఈరన్న ఆ చెట్టు కొట్టడు. ఇన్నేళ్లలో అట్లా జరిగింది రెండే సార్లు. ఒకసారి కొమ్మల్లో కళ్లు తెరవని గువ్వపిల్లలున్నాయి, ఇంకోసారి తొర్రలో తేనెపట్టుంది. చెట్టు ఆసామి గంతులేసినా, వేరేవాళ్లను పిలుస్తానని బెదిరించినా ఈరన్న గొడ్డలి భుజాన వేసుకుని ఇంటికొచ్చేశాడు. ఎందుకని కూడా పెళ్లాన్ని అడగలేదు.

ఇట్లాంటి ఊరికి రెండేళ్ల కిందట సర్టిఫికెట్టు మాట వచ్చింది. బెంగళూరులో వేపచెక్కతో దువ్వెనలు, పిల్లల ఆటబొమ్మలు చేసి బయటి దేశాలకు పంపే కంపెనీ ఒకటి ఉంది. వాళ్లు కొనే చెక్క అడవి నుంచి దొంగతనంగా వచ్చింది కాదని, చెట్టు పద్ధతిగా పెరిగి పద్ధతిగా కొట్టబడిందని రుజువుండాలట. రైతులంతా ఒక సంఘంగా ఏర్పడి, ఒక పుస్తకంలో రాసిన నియమాలన్నీ పాటిస్తున్నామని తనిఖీలో తేలితే ఆ సర్టిఫికెట్టు వస్తుంది. గట్ల మీద వేపచెట్లున్న ముప్పై ఒక్క కుటుంబాలు చేరాయి. డిగ్రీ చదివి ఊళ్లోనే ఉన్న ఓబులేషు సంఘానికి కార్యదర్శి అయ్యాడు. వరసగా రెండేళ్లు వానలు మొహం చాటేశాయి కాబట్టి ఆ ముప్పై ఒక్క ఇళ్లూ ఆ కాగితం మీదే ఆశ పెట్టుకున్నాయి.

నియమాలు చదివి వినిపించడానికి నెల కిందట బడిలో మీటింగు పెట్టారు. తనిఖీ చేసే మేడం పేరు సుచరిత. బద్వేలు పిల్ల. వాళ్ల నాయన నాగసుబ్బయ్య శెట్టికి అక్కడ కట్టెల డిపో ఉంది. ముప్పై ఏళ్లుంటాయేమో, మెత్తగా మాట్లాడుతుంది, ప్రతి మాటా రాసుకుంటుంది. జీవమ్మ ఆ రోజు మంచినీళ్ల బిందె తెచ్చి పెట్టి, గడప దగ్గరే నిలబడి విన్నది.

విన్నంత సేపూ ఆమె మనసులో ఆ పుస్తకాన్ని తూకం వేస్తూనే ఉంది. కొట్టే ముందు చెట్టు మీద గూళ్లున్నాయేమో చూడాలి అని ఉంది. ఇది రాసినవాడెవరో తల్లి పాలు తాగినవాడే అనుకుంది. కొట్టే మనిషి తలకు టోపీ పెట్టుకోవాలి అన్నారు. ఆ పచ్చ టోపీలో ఈరన్నను ఊహించుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. ఒక చెట్టు కొడితే మూడు మొక్కలు నాటాలి అన్నారు. నాటేది సరే, ఎండాకాలం మూడేళ్లు బిందెలతో నీళ్లు మోసేదెవరు? ఆ ముక్క పుస్తకంలో లేదు. మగవాళ్లే రాసుంటారులే అని దాన్ని పక్కన పెట్టింది.

చివర్లో సుచరిత అడిగింది. "పూజలు జరిగేవి గానీ, ఊరికి ముఖ్యమైనవి గానీ, కొట్టకూడని చెట్లు మీ ఊళ్లో ఏమున్నాయి?"

"ఆంజనేయస్వామి గుడి కాడ జమ్మిచెట్టు మేడం, అంతే" అన్నారు మగవాళ్లు ఏకగ్రీవంగా.

జీవమ్మకు గొంతు దాకా ఒక మాట వచ్చింది. కానీ ఆ మీటింగు చెట్లున్నవాళ్లది. తను నీళ్లు తెచ్చిన మనిషి. ఖాళీ బిందె తీసుకుని ఇంటికి పోయింది.

ఆ తర్వాత వారం ఈరన్న తెల్లరంగు డబ్బా పట్టుకుని గట్లెంబడి తిరిగి, మొదటి విడత కొట్టాల్సిన పదిహేడు చెట్లకు నెంబర్లు వేశాడు. పదిహేడోది తిమ్మన్న చేని గట్టు మీద ఉంది. అది చూసిన రోజు జీవమ్మ దారిలోనే ఆగిపోయింది.

ముప్పై ఎనిమిదేళ్ల కిందట, తిమ్మన్న నాయన బతికున్న కాలంలో, ఆ చేలో శనక్కాయ వేసేవాళ్లు. జీవమ్మ కూలికి పోయేది. ఇరవై రెండేళ్ల వయసు, చంకలో ఆడబిడ్డ. ఆ వేపకొమ్మకు పాతచీర కట్టి ఉయ్యాల వేసి బిడ్డను పడుకోబెట్టేది. కలుపు తీస్తూ సాలు చివరికి వచ్చినప్పుడల్లా ఒక ఊపు ఊపి మళ్లీ వంగేది. పక్క సాళ్లలో ఆడవాళ్లు కూడా గట్టు దాకా వస్తే ఒక చేయి వేసేవాళ్లు. కలుపు రోజుల నుంచి కాయలు పెరికే రోజుల దాకా ఆ బిడ్డ ఆ చెట్టు కిందే పెరిగింది. బోర్లా పడింది అక్కడే, రాలిన వేపపండు నోట్లో పెట్టుకుని ఉమ్మింది అక్కడే. తొమ్మిది నెలలు నిండాక జ్వరం వచ్చింది. కర్నూలు ఆసుపత్రికని బస్సెక్కితే నన్నూరు దాటకముందే ఒళ్లో బిడ్డ చల్లబడిపోయింది.

తర్వాత ఒక మగబిడ్డ పుట్టాడు, పెరిగాడు, ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలుతున్నాడు, పిల్లలున్నారు. జీవమ్మకు ఆ సంతోషం లేకపోలేదు. కానీ ఆడబిడ్డను మట్టి చేసి వచ్చిన మూడోరోజే ఈరన్న గొడ్డలి తీసుకుని పనికి పోయాడు. ఆ తర్వాత అతని నోట ఆ బిడ్డ పేరు రాలేదు. ఒక్కసారంటే ఒక్కసారి రాలేదు. మరిచిపోయాడు అనుకుంది జీవమ్మ. మగవాళ్లకు చేతనవుతుందిలే అనుకుంది. తనకు చేతకాలేదు. ఎవరితోనూ అనలేదు, లోపలే పెట్టుకుంది.

ఇప్పుడు ఆ చెట్టుకే తన చేత్తో నెంబరు వేసి వచ్చాడు.

చెబితే వదిలేసేవాడే. ఆ సంగతి జీవమ్మకు బాగా తెలుసు. ఏమయ్యా, ఫలానా చెట్టు గదా అంటే చాలు, రంగు గీకేసి వచ్చేవాడు. కానీ చెప్పాల్సి రావడమే ఆమెకు కష్టంగా ఉంది. ఆ ముక్క తను గుర్తు చేయాలా, తండ్రికి?

తనిఖీకి ముందు సాయంత్రం ఇద్దరూ పసుపు గిన్నె పట్టుకుని బయలుదేరారు. మేడం ఏ చెట్టు కొట్టి చూపించమంటుందో తెలియదు కాబట్టి పదిహేడింటికీ పెట్టాలి. పదహారు చెట్లకు పెట్టింది. పదహారు సార్లు ఈరన్న అమ్మా అని మొదలుపెట్టి తల్లీ అని ముగించాడు. పదిహేడో దాని దగ్గరకు వచ్చేసరికి జీవమ్మ గిన్నె కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"గూడుండాదా?" అన్నాడు ఈరన్న పైకి చూస్తూ.

"లేదు."

"తేనెపట్టా?"

"లేదు. చేయి పోలే నాకు."

ఈరన్న తలగుడ్డ మళ్లీ చుట్టుకున్నాడు. "అట్లయితే వద్దులే. పదహారుండాయి గదా" అని దారి పట్టాడు. ఆమె ఆ మాటకు సంతోషించాలి, నిజానికి. కానీ ఇంటికి పోయే దారి పొడుగునా అతని వీపు చూస్తూ నడిచింది. అదే చెట్టు కింద నిలబడి కూడా మనిషికి ఏమీ తట్టలేదే అని ఏడుపొచ్చింది.

మరుసటి రోజు ఎనిమిది గంటలకల్లా సుచరిత కారు దిగింది. సంఘం వాళ్లంతా గట్టు మీదే ఉన్నారు. ఈరన్న పచ్చ టోపీ పెట్టుకుని, పెట్రోలు రంపం చేతిలో పట్టుకుని, కొత్త పెళ్లికొడుకు మాదిరి బిగుసుకుని నిలబడ్డాడు. జీవమ్మ కొమ్మలు నరికి పోగేసే కూలి కాబట్టి కొడవలి పట్టుకుని వెనక నిలబడింది.

సుచరిత ఒకటో నెంబరు దగ్గర ఆగింది. మానుకు పసుపు, బొట్లు, దారం. రాసుకుంది. రెండో నెంబరు దగ్గర ఆగింది. మళ్లీ రాసుకుంది. నాలుగో దాని దగ్గరకొచ్చేసరికి ఆమె మొహం మారింది.

"ఇవి పూజ చేసే చెట్లా?" అని ఓబులేషును అడిగింది.

ఇక్కడ ఓబులేషును మరీ తిట్టకూడదు. ఆఫీసరు ఏమడిగినా ముందు అవునని, తర్వాత ఆలోచించడం మన ఊళ్లకు తాతల నాటి విద్య. పైగా, అది కొట్టడానికి పెట్టిన పసుపని చెబితే పూజ చేసిన చెట్లను కొడతారా అని మేడం ఎక్కడ ఎర్రగీత గీస్తుందో అని అతని భయం. "అవును మేడం, శానా భక్తి మేడం మావాళ్లకు" అన్నాడు.

"మరి మీటింగులో ఒక్క జమ్మిచెట్టే అన్నారు?"

ఓబులేషు నవ్వాడు. నవ్వు తప్ప అతని దగ్గర ఏమీ లేదు.

సుచరిత పదహారు చెట్లూ చూసి పుస్తకం తెరిచింది. "ఏమీ అనుకోకండి. పూజ జరిగే చెట్టు కొట్టకూడదు అనేది ఇందులో గట్టి నియమం. ఈ పదహారూ కొట్టకూడని జాబితాలోకి పోతాయి." ఆమె ఇంకో నాలుగడుగులు వేసి పదిహేడో దాని ముందు ఆగి, ఊపిరి పీల్చుకుంది. "అమ్మయ్య, దీనికేమీ లేదు. ఇది కొట్టండి, నేను చూసి రాసుకుంటాను. ఒక్క చెట్టయినా నా కళ్ల ముందు పద్ధతిగా కొట్టకపోతే ఈ ఏడాదికి తనిఖీ పూర్తి కానట్టే."

జీవమ్మ చేతిలో కొడవలి జారి మట్టిలో పడింది. ఆ పుస్తకం, ఆ నియమం, మంచి మనసుతో రాసిన ఆ గట్టి నియమమే, నడిచి నడిచి వచ్చి సరిగ్గా ఈ చెట్టు దగ్గరే ఆగింది.

"కానీ ఈరన్నా, కానీ" అన్నారు వెనక నుంచి నలుగురైదుగురు. ఇదన్నా దక్కనీ అనే ఆత్రం వాళ్లది.

ఈరన్న కదల్లేదు. "దీన్ని కొట్టను మేడం."

"ఎందుకు?"

"పసుపు లేదు."

"పసుపు లేదనే కదా కొట్టమంటున్నాను!"

"పసుపు లేకుంటే నేను కొట్టను మేడం" అన్నాడు ఈరన్న మళ్లీ, అంతకంటే వివరంగా చెప్పడం చేతకాక.

"ఏం ఈరన్న మామా, ముప్పై ఒక్క ఇళ్ల కూడు ఇది! ఏంటికి కొట్టవో అదన్నా చెప్పు" అని ఓబులేషు అరిచాడు.

"నాకు తెలీదప్పా. ఆమెకు తెలుసు" అని ఈరన్న పెళ్లాం వైపు చేయి చూపించాడు.

అందరూ తిరిగి చూశారు. జీవమ్మ జన్మలో ఇంతమంది ఆమె మాట కోసం ఎదురుచూడలేదు. అయినా నడిచి వెళ్లి చెట్టుకూ రంపానికీ మధ్య నిలబడింది, ఎవరో తోసినట్టు.

"అమ్మా, మేడమమ్మా. ఆ పదహారూ కొట్టేవే. కొట్టేదానికే పసుపు పెడతాం మేము. నేనే పెట్టినా నిన్న. కొట్టే ముందు మొక్కి అడుక్కుంటాం. దీన్ని అడిగేదానికి నాకు మొగం చెల్లలే. అందుకే పెట్టలే."

"ఎందుకమ్మా?"

"నా బిడ్డకు ఈడ ఉయ్యాల కట్టింటి. ఇదో, ఈ కొమ్మకే. బిడ్డ పోయింది. చెట్టుండాది." అంతవరకు బాగానే చెప్పింది. ఆ తర్వాత కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

సుచరిత పుస్తకం మూసి, మళ్లీ తెరిచింది. ఆమె మొహం ఎర్రబడింది. "మా నాయన డిపోకు వచ్చే మొద్దుల మీద పసుపు మరకలు చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. మిల్లువాళ్లు పెట్టుకుంటారేమో అనుకున్నాను" అంది తనలో తను. తర్వాత జీవమ్మను అడిగింది. "మీటింగులో ఈ మాట చెప్పి ఉంటే దీనికి నెంబరే పడేది కాదు కదమ్మా. ఎందుకు చెప్పలేదు?"

"ఆ మీటింగు చెట్లుండేవాళ్లకు గదమ్మా. మాకు యాడుండాయి చెట్లు?"

సుచరిత మళ్లీ పుస్తకంలోకి చూసింది. నియమం మాత్రం స్థానికులందరినీ అడగాలి అనే చెబుతోంది. తను అడిగింది కుర్చీల్లో కూర్చున్నవాళ్లను. గడప దగ్గర బిందెతో నిలబడ్డ మనిషిని ఆమె ఆ రోజు చూసింది కూడా, నీళ్లు తాగి థాంక్సు చెప్పింది కూడా. కలం తీసి, రాసిన పదహారు గీతలూ కొట్టేసి, మార్జిన్లో నిదానంగా రాసుకుంటూ పైకి చదివింది. "చెట్ల యజమానులను మాత్రమే అడిగాము. చెట్ల కింద బతికినవాళ్లను అడగలేదు. తప్పు తనిఖీ చేసిన నాదే." తర్వాత తిమ్మన్న వైపు తిరిగింది. "చెట్టు మీది. దీన్ని కొట్టకూడని జాబితాలో రాయాలంటే మీ ఒప్పుదల కావాలి."

తిమ్మన్న చెట్టును కింది నుంచి పైదాకా చూశాడు. మంచి మాను, వంకర లేని మాను. ఆశ లేదంటే అబద్ధం. "నా చెట్టే మేడం" అని మెడ గోక్కున్నాడు. "అయినా ఆ ఉయ్యాల మా యమ్మ గూడా ఊపింటాది. ఈ చేలో కలుపు తీసిన ఆడోళ్లంతా ఊపింటారు. రాసుకోండి. జీవక్కా, ఏడవద్దు, రాసుకుంటారులే."

ఈ ఏటికి కొట్టి చూపించడానికి తొమ్మిదో నెంబరు చాలని తేలింది. ముప్పై ఒక్క ఇళ్లవాళ్లూ ఊపిరి పీల్చుకున్నారు, ఓబులేషు అందరికంటే గట్టిగా పీల్చుకున్నాడు. సుచరిత కారు బానెట్టు మీద ఫారం పెట్టుకుని నింపసాగింది. కొట్టకూడని కారణం అనే చోట గుడి, ఊరి దేవత, పక్షులు అని మూడు గడులున్నాయి, ఇతరములు అని నాలుగోది ఉంది. ఆమె నాలుగోదాని పక్కన కలం ఆనించి తలెత్తింది.

"పాప పేరేమమ్మా?"

ముప్పై ఎనిమిదేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. జీవమ్మ నోరు తెరిచింది. పేరు నాలుక మీదే ఉంది, బయటికి రావడం లేదు. ఇంకోసారి ప్రయత్నించింది.

"శివలీల" అన్నాడు వెనక నుంచి ఈరన్న.

రంపం కింద పెట్టేశాడు. టోపీ తీసి, తలగుడ్డ మాదిరే చంకలో పెట్టుకున్నాడు. నేల చూస్తూ, ఎవరో రాసుకోమంటే చెబుతున్నట్టు నిదానంగా చెప్పాడు. "శివరాత్రి దినం పుట్టింది, అందుకని ఆ పేరు. తొమ్మిది నెల్ల పన్నెండు దినాలుండె. కింద రెండు పండ్లు వచ్చిన్యాయి. నన్ను చూస్తే తలగుడ్డ పీకేది."

జీవమ్మ కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయి మొగుడి వైపే చూస్తూ ఉండిపోయింది. తొమ్మిది నెలలని ఆమెకు తెలుసు. ఆ పైన పన్నెండు రోజులు ఆమె ఎప్పుడూ ఎంచలేదు.

"మరిచిపోయినావనుకుంటి" అంది చివరికి. "నెంబరు నువ్వే వేస్తివి గదయ్యా దీనికి."

"చెట్లు శానా చూసినా మే, నాకు అన్నీ కలిసిపోయినాయి" అన్నాడు ఈరన్న. "ఆడబిడ్డ ఒకటే గదా."